రోడ్డు ప్రమాదంలో మనిషి పోతే డ్రైవరుకు శిక్ష ఎంత? ఏ సెక్షన్, ఏ కాగితం, ఎన్ని రోజుల్లో

టంగుటూరు టోల్‌గేటు నుంచి వెంకటాచలం టోల్‌గేటు దాకా హైవే మీద ఎక్కడ మనిషి పోయినా, చుట్టూ చేరిన జనం నోట రెండు మాటలు వినపడతాయి. "పారిపోయాడు కాబట్టి పదేళ్లు ఖాయం" అనేది ఒకటి. "ఏం కాదులే, సాయంత్రానికి స్టేషన్ బెయిల్ మీద ఇంటికొచ్చేస్తాడు" అనేది రెండోది. మొదటిది తప్పు. రెండోది సగమే నిజం. బెయిలు రావడం వేరు, కేసు పోవడం వేరు. శిక్ష ఎంతవరకు వెళ్లగలదో చాలామటుకు మొదటి మూడు నాలుగు రోజుల్లో తయారయ్యే కాగితాలే తేల్చేస్తాయి. ఫిర్యాదు, స్థలం స్కెచ్, పోస్టుమార్టం, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు. ఇక్కడ రాసింది పోయినవాళ్ల ఇంటివాళ్లకూ, బండి తోలినవాడి ఇంటివాళ్లకూ కూడా పనికొస్తుంది.

ముందు ప్రమాదం తేదీ చూడండి

2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. ఆ రోజు గానీ ఆ తర్వాత గానీ జరిగిన ప్రమాదానికి దాని 106(1) సెక్షన్ వర్తిస్తుంది. అంతకుముందు జరిగినదైతే, తీర్పు ఇవాళ వచ్చినా సరే, పాత ఐపీసీ 304ఎ ప్రకారమే శిక్ష. నేరం జరిగిన నాటికి ఉన్న చట్టం కంటే ఎక్కువ శిక్ష వేయడానికి రాజ్యాంగం 20(1) అధికరణం ఒప్పుకోదు.

రెండింటికీ తేడా చిన్నది కాదు. 304ఎ కింద గరిష్ఠం 2 ఏళ్లు, లేదా జరిమానా, లేదా రెండూ. అందుకే పాత కేసుల్లో జరిమానా కట్టించుకుని వదిలేయడానికి వీలుండేది. 106(1) కింద గరిష్ఠం 5 ఏళ్ల జైలు, దాంతోపాటు జరిమానా. "లేదా" అన్న మాట తీసేశారు కాబట్టి ఒట్టి జరిమానాతో సరిపెట్టే దారి మూసుకుపోయింది. కనీసం ఇంత వేయాలని మాత్రం చట్టం చెప్పలేదు, అది మేజిస్ట్రేటు విచక్షణ.

ఇంకో మార్పు చాలామంది గమనించలేదు. పాత సెక్షన్‌కు 3 ఏళ్లలోపు కోర్టు కేసును విచారణకు తీసుకోవాలన్న కాలపరిమితి ఉండేది. కొత్తదానికి శిక్ష 3 ఏళ్లు దాటింది కాబట్టి ఆ పరిమితి లేదు. లారీ నంబరు దొరకలేదని మూలన పడేసిన ఫైలును ఆధారం దొరికినప్పుడు మళ్లీ తెరవచ్చు.

ఏ సెక్షన్‌కు ఎంత

ఎఫ్ఐఆర్‌లో మామూలుగా కనిపించేది 106(1). నిర్లక్ష్యం వల్ల మరణం. పోలీసు నేరుగా కేసు కట్టవచ్చు, బెయిలు ఇవ్వాల్సిన నేరం, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు కోర్టులో విచారణ. దాని పక్కన 281 ఉండవచ్చు. అంటే పదిమంది తిరిగే దారిలో ప్రమాదకరంగా బండి నడపడం. 6 నెలలు లేదా 1,000 రూపాయల జరిమానా లేదా రెండూ. అదే ప్రమాదంలో ఇంకెవరికైనా తీవ్ర గాయాలైతే 125(బి) కూడా చేరుతుంది. 3 ఏళ్లు లేదా 10,000 రూపాయలు లేదా రెండూ.

ఇక ఆ పదేళ్ల సంగతి. గుద్ది, పోలీసుకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోతే 10 ఏళ్లు అని 106(2) లో రాసిన మాట నిజమే. 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మె చేసింది దాని మీదే. ఆ తర్వాత ఫిబ్రవరిలో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో మిగతా సంహితకంతా అమలు తేదీ ఇచ్చి 106(2)ను పక్కన పెట్టింది. దాన్ని విడిగా నోటిఫై చేస్తే తప్ప ఆ సెక్షన్ కింద శిక్ష వేయలేరు. అంతమాత్రాన పారిపోవడం ఊరికే పోదు. మోటారు వాహనాల చట్టం 134 సెక్షన్ ప్రకారం డ్రైవరు గాయపడినవాళ్లను వైద్యానికి చేర్చాలి, దగ్గరి స్టేషన్‌కు వీలైనంత త్వరగా, ఎట్లా చూసినా 24 గంటల్లోపు చెప్పాలి. చేయకపోతే 187 కింద 6 నెలలు లేదా 5,000 రూపాయలు లేదా రెండూ.

అన్నిటికంటే బరువైనది 105, హత్య కాని నరహత్య. "ఇలా నడిపితే మనుషులు చస్తారు" అని తెలిసీ నడిపాడని రుజువైతే 10 ఏళ్ల దాకా జైలు, జరిమానా. ఇది సెషన్స్ కోర్టు కేసు, బెయిలు హక్కుగా రాదు. తాగి నడిపిన ప్రతి కేసూ ఇందులోకి రాదు. ముంబైలో 2006లో ఫుట్‌పాత్ మీద నిద్రపోతున్న కూలీల మీదికి కారు ఎక్కించి ఏడుగురి ప్రాణాలు తీసిన అలిస్టర్ పెరీరా కేసులో, అప్పటి ఐపీసీలో దీనికి సమానమైన 304 రెండో భాగం కింద పడిన 3 ఏళ్ల శిక్షను సుప్రీంకోర్టు 2012లో ఖాయం చేసింది. అక్కడ మద్యం, వేగం, ఎదురుగా మనుషులున్నారని తెలిసే వీలు, మూడూ కలిశాయి. రాంగ్ రూట్‌లో తాగి సంతలోకి లారీ తోలినవాడికీ, రాత్రంతా నడిపి తెల్లవారుజామున కునుకు పట్టినవాడికీ తేడా ఇక్కడే. కునుకు తీసినవాడు 106(1)లోనే ఉంటాడు, నిద్ర వస్తోందని తెలిసీ బండి ఆపకపోవడమే వాడి నిర్లక్ష్యం.

మద్యం నిరూపణకు కొలత 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. అది దాటితే మోటారు వాహనాల చట్టం 185 కింద మొదటిసారి 6 నెలల దాకా జైలు లేదా 10,000 రూపాయలు లేదా రెండూ. అరెస్టు చేసిన 2 గంటల్లోపు వైద్య పరీక్ష చేయించాలి. ఈ పరీక్ష జరక్కపోతే "వాసన వచ్చింది" అన్న సాక్ష్యం మీద 105 నిలబడటం కష్టం. కాబట్టి అనుమానం ఉంటే ఇంటివాళ్లు మొదట అడగాల్సింది రక్తనమూనా గురించే.

పిల్లవాడి చేతికి బండి ఇచ్చి ఉంటే అదే చట్టం 199ఎ పడుతుంది. బండి యజమానికి లేదా తల్లిదండ్రులకు 3 ఏళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, ఆ బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. ఊళ్లో చేపల చెరువు దాకా బైకు మీద పోయొస్తాడనుకుని తాళం ఇచ్చినా ఇదే లెక్క.

ఫిర్యాదు రాయడం

ఇక్కడే ఎక్కువ కేసులు చెడతాయి. ఆసుపత్రి మెట్ల మీద ఎవరో రాసిన నాలుగు వరుసలకు కొడుకు సంతకం పెడతాడు. అందులో "నేను చూస్తుండగా లారీ అతివేగంగా వచ్చి గుద్దింది" అని ఉంటుంది. ఆ సమయానికి కొడుకు ఊళ్లోనే లేడు. ఏడాది తర్వాత బోనులో నిలబెట్టి అవతలి ప్లీడరు ఒక్క ప్రశ్న అడిగితే కేసు సగం కూలిపోతుంది. చూడనిది చూసినట్టు రాయొద్దు. ఫోన్ ఎవరు చేశారో, ఎన్ని గంటలకు చేశారో, ఎవరు చూశామన్నారో రాయండి. చాలు. ఇదిగో ఇలా:

"రాత్రి సుమారు 8.40 గంటలకు మా నాన్న మోటారు సైకిలు మీద సింగరాయకొండ వైపు నుంచి ఒంగోలు వైపు రోడ్డుకు ఎడమ అంచున వస్తుండగా, ఏపీ 39 తో మొదలయ్యే ఫలానా నంబరు లారీ ఎడమ వైపు నుంచి ముందు బస్సును దాటబోయి వెనక నుంచి గుద్ది, బండిని సుమారు 20 మీటర్లు ఈడ్చుకుపోయిందని, వెనకే ఆటోలో వస్తున్న ఫలానా వ్యక్తి 8.50కి నాకు ఫోన్ చేసి చెప్పాడు. లారీ ఆగింది. డ్రైవరు దిగి చూసి పొలాల్లోకి పారిపోయాడు. అతన్ని చూస్తే గుర్తుపడతానని ఆటో డ్రైవరు చెప్పాడు."

ఇందులో రెండు విషయాలు గమనించండి. ఒకటి, "అతివేగం" అన్న మాట మీద ఆధారపడలేదు. కర్ణాటక ప్రభుత్వం వర్సెస్ సతీశ్ కేసులో 1998లోనే సుప్రీంకోర్టు చెప్పింది, వేగం అన్నంత మాత్రాన నిర్లక్ష్యం కాదని. డ్రైవరు చేసిన పని ఏమిటో రాయాలి. ఎడమ నుంచి దాటడం, మీడియన్ ఎక్కడం, రాంగ్ రూట్, లైట్లు లేకపోవడం, బ్రేకు వేసిన మరక లేకుండా ఈడ్చుకుపోవడం. రెండు, డ్రైవరును గుర్తుపట్టే మనిషి ఎవరో ఉంది. బండి గుద్దిందని అందరూ చెప్పి, తోలింది వీడేనని ఎవరూ చెప్పలేకపోతే మేజిస్ట్రేటు వదిలేయక తప్పదు.

ఫిర్యాదు ఇచ్చాక ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. నంబరు, సెక్షన్లు, నిందితుడి కాలమ్‌లో ఎవరి పేరు ఉందో అక్కడే చదవండి. కేసు కట్టనంటే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి రిజిస్టరు పోస్టులో పంపి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టవచ్చు.

చనిపోయినవాడినే ముద్దాయిని చేస్తే

రాత్రిపూట ధాబా దగ్గర పార్కింగ్ లైట్లు లేకుండా, సగం రోడ్డు మీద నిలిపిన లారీకి వెనక నుంచి బైకు గుద్దుకుంటుంది. చీమకుర్తి గ్రానైటు లారీ అయినా, కృష్ణపట్నం పోర్టు నుంచి వచ్చే లోడు లారీ అయినా కథ ఒకటే. "మృతుడు అజాగ్రత్తగా నడిపి ఆగి ఉన్న లారీని ఢీకొన్నాడు" అని ఎఫ్ఐఆర్ పడితే, ముద్దాయి చనిపోయాడు కాబట్టి కేసు మూసేస్తారు. లారీవాడికి శిక్ష లేదు, ఇంటివాళ్ల పరిహారం కేసుకూ అక్కడే దెబ్బ.

దీన్ని ఆ రాత్రే పట్టుకోవాలి. లారీని తీయకముందే ఫోన్‌తో ఫొటోలు తీయండి. వెనక రేడియం స్టిక్కరు, టెయిల్ లైటు, వెనక పెట్టాల్సిన త్రికోణం, తెల్లగీతకు లారీ చక్రం ఎంత లోపల ఉందో, రోడ్డు లైటు వెలుగుతోందో లేదో. దర్యాప్తు అధికారికి వాటిని రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి. అలా నిలిపిన డ్రైవరు మీద కూడా 106(1) నిలబడుతుంది. హెల్మెట్ లేదనడం క్రిమినల్ కేసులో డ్రైవరుకు అంతగా ఉపయోగపడదు, మరణానికి నేరుగా కారణమైనది ఎవరి పని అన్నదే ప్రశ్న.

స్కెచ్, పంచనామా, బ్రేక్ ఇన్‌స్పెక్టర్

స్థలం దగ్గర గీసే రఫ్ స్కెచ్‌లో ఉండాల్సినవి: రోడ్డు వెడల్పు, ఏ దిక్కుకు ఏ బండి, శవం పడిన చోటు, గాజు ముక్కలు, రక్తం, టైరు మరకల పొడవు, దగ్గరి కిలోమీటరు రాయికి దూరం. మీడియన్‌లో దారి ఉంటే అది కూడా. పంచులుగా, అంటే పంచనామా సాక్షులుగా, ఊరివాళ్లు సంతకం పెట్టాల్సి వస్తే స్కెచ్ చూసి పెట్టండి, ఖాళీ కాగితం మీద పెట్టొద్దు.

బండిని ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) చూసేదాకా స్టేషన్ ఆవరణలోంచి కదపకూడదు. ఊళ్లో అందరూ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే ఆ అధికారి కాలి బ్రేకు, చేతి బ్రేకు, స్టీరింగు, టైర్లు, లైట్లు, ఎక్కడెక్కడ దెబ్బతిందో చూసి, ప్రమాదం యాంత్రిక లోపం వల్ల జరిగిందా లేదా అని తేలుస్తాడు. "బ్రేకు ఫెయిలైంది" అని డ్రైవరు చెప్పే మాట ఈ కాగితం దగ్గర నిలవాలి. రిపోర్టులో లోపం లేదని వస్తే ఆ వాదన ముగిసినట్టే. లోపం ఉందని వస్తే ప్రశ్న యజమాని మీదికి మళ్లుతుంది, అరిగిన టైర్లతో బండి ఎవరు పంపారని.

టోల్‌గేటు, పెట్రోలు బంకు కెమెరాల ఫుటేజీ మీద కొత్తది వస్తే పాతది చెరిగిపోతుంది. వారంలోపు అడగమని రాతపూర్వకంగా స్టేషన్‌కు ఇవ్వండి. కోర్టుకు వచ్చేటప్పుడు దానికి భారతీయ సాక్ష్య అధినియం 63 సెక్షన్ కింద సర్టిఫికెట్ తప్పనిసరి. సీడీ ఒక్కటే ఇచ్చి సర్టిఫికెట్ మరిచిపోవడం రోజూ జరిగే తప్పు. డ్రైవరు ఎవరో తెలియకపోతే మోటారు వాహనాల చట్టం 133 సెక్షన్ కింద యజమానికి నోటీసు ఇప్పించమని అడగండి, ఆ సమయంలో బండి ఎవరి చేతిలో ఉందో చెప్పడం అతని బాధ్యత. బయటి రాష్ట్రం లారీలకు ఇదే ముఖ్యం.

ఒకటి గట్టిగా చెప్పాలి. నెల్లూరులో గాయపడి చెన్నై ఆసుపత్రిలో పదో రోజు ప్రాణం పోతే, కేసు అప్పటికి 125(బి) మీదే ఉంటుంది. వెంటనే ఇక్కడి ఎస్సైకి చెప్పాలి. అక్కడే శవపంచనామా, పోస్టుమార్టం జరగాలి, ఇక్కడ సెక్షన్‌ను 106(1)కు మార్చే మెమో కోర్టుకు వెళ్లాలి. దుఃఖంలో పోస్టుమార్టం లేకుండా శవాన్ని ఇంటికి తెచ్చుకుంటే, గాయానికీ మరణానికీ మధ్య గొలుసు తెగిపోతుంది.

బండి తోలినవాడు చేయాల్సింది

ముందు 108కి, 112కి ఫోన్. గుంపు కొట్టేలా ఉంటే అక్కడే నిలబడమని చట్టం చెప్పదు, జనం ఆగ్రహాన్ని 134 సెక్షనే మినహాయింపుగా గుర్తించింది. కానీ అక్కడి నుంచి నేరుగా పోవాల్సింది స్టేషన్‌కే, ఇంటికి కాదు. వెళ్లిన టైము స్టేషన్ రోజువారీ పుస్తకమైన జనరల్ డైరీలో రాయించుకోండి. బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. డ్యాష్‌క్యామ్ ఉంటే కార్డు తీసి భద్రపరచండి.

యజమాని సలహా మీద లైసెన్సున్న వేరే మనిషిని డ్రైవరుగా పంపడం ఈ ప్రాంతంలో బాగా తెలిసిన పని. అది సాక్ష్యం మాయం చేయడం, తప్పుడు సమాచారం ఇవ్వడం అవుతుంది. ఫాస్టాగ్, సెల్ టవరు, టోల్ కెమెరా ఒక్కటి చాలు బయటపడటానికి. అప్పుడు ఇద్దరూ ఇరుక్కుంటారు.

106(1) బెయిలబుల్ కాబట్టి పూచీకత్తు ఇస్తే బెయిలు హక్కు. చాలాసార్లు బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 35(3) కింద హాజరు కమ్మని నోటీసు ఇచ్చి పంపుతారు, దానికి హాజరు కాకపోతే అరెస్టు చేయవచ్చు. లైసెన్సు కథ వేరే. ఆర్టీఓ నోటీసు ఇచ్చి, మీ మాట విని, సస్పెండ్ చేయవచ్చు. బండిని విడిపించుకోవడానికి మేజిస్ట్రేటు దగ్గర బీఎన్ఎస్ఎస్ 503 కింద పిటిషన్ వేయాలి, ఆర్సీ, బీమా కాగితాలు జతచేయాలి. బీమా లేని బండిని పరిహారానికి పూచీ లేకుండా వదలరు.

రాజీ గురించి

పెద్దమనుషుల సమక్షంలో స్టాంపు కాగితం మీద రాసుకున్న రాజీ ఈ కేసును మూయదు. 106 రాజీకి వీలైన నేరాల పట్టికలో లేదు. కూలీలను ఎక్కించుకున్న ట్రాక్టరు బోల్తా పడి, డ్రైవరు కూడా ఆ ఊరివాడే అయినప్పుడు ఇంటివాళ్లు కేసు వద్దంటారు, అయినా పోలీసు కేసు నడుస్తుంది. డబ్బు ఇచ్చిన విషయం శిక్ష వేసేటప్పుడు కోర్టు చూడవచ్చు, అంతే. ఆ కాగితంలో "ఇక ఎలాంటి క్లెయిమూ లేదు" అన్న వాక్యం ఉంటే సంతకం పెట్టొద్దు. మోటారు ప్రమాద ట్రిబ్యునల్‌లో పరిహారం పూర్తిగా వేరే దారి. మోటారు వాహనాల చట్టం 166 కింద 6 నెలల్లోపు దరఖాస్తు వేసుకోవాలి, క్రిమినల్ కేసు కొట్టేసినా అది నడుస్తుంది. గుద్దిన బండి దొరక్కపోతే మరణానికి 2 లక్షల పథకం ఉంది, తహసీల్దారు లేదా ఆర్డీఓ దగ్గర దరఖాస్తు.

చట్టం ఒప్పుకునే దారి ఒకటుంది, ప్లీ బార్గెయినింగ్. అంటే నేరం ఒప్పుకుని తక్కువ శిక్షకు ఒప్పందం చేసుకోవడం. అభియోగాలు నమోదైన 30 రోజుల్లోపు ముద్దాయి దరఖాస్తు పెట్టాలి. బాధితులతో పరిహారం మీద ఒప్పందం కుదిరితే, మొదటిసారి నేరం చేసినవాడికి గరిష్ఠ శిక్షలో ఆరో వంతు, అంటే ఈ సెక్షన్ కింద 10 నెలలు వేయవచ్చు. చనిపోయింది స్త్రీ గానీ పిల్లలు గానీ అయితే ఇది కుదరదు.

కోర్టులో

5 ఏళ్ల నేరం కాబట్టి ఇప్పుడిది వారంట్ కేసు, అభియోగాలు నమోదు చేసి విచారిస్తారు. కేసు వినే ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు వేయగలిగేది 3 ఏళ్లే. అంతకుమించి వేయాలనుకుంటే కేసును చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటుకు పంపాలి. చాలా తీర్పులు 3 ఏళ్ల గీత లోపలే ఉండటానికి ఇదొక కారణం. మంచి నడవడిక చూపి, జైలుకు పంపకుండా ప్రొబేషన్ మీద వదలమనే వాదన ఈ కేసుల్లో నిలవడం కష్టం. 2000లో దల్బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది.

ప్లీడరుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, 15100కు ఫోన్ చేసినా చెబుతారు. శిక్ష 3 ఏళ్లు మించకుండా, ముద్దాయి అప్పటికే బెయిలు మీద ఉంటే, అప్పీలు వేసుకోవడానికి అదే కోర్టు బెయిలు ఇస్తుంది. అప్పీలు సెషన్స్ కోర్టుకు 30 రోజుల్లో. తీర్పు చెప్పిన రోజే కాపీ అప్లికేషన్ వేయండి, నకలు కోసం ఆగిన రోజులు ఆ 30లో లెక్కకు రావు. ముద్దాయిని వదిలేసినా, పరిహారం తక్కువ వేసినా బాధితులు అప్పీలు చేయవచ్చు. శిక్ష కాలం చాలలేదన్న అప్పీలు మాత్రం ప్రభుత్వమే వేయాలి, దానికి పబ్లిక్ ప్రాసిక్యూటరుకు అర్జీ ఇచ్చి వెంటపడాలి.